చక్రం విసిరే నీరు: సైకిలుకు నిండు మడ్‌గార్డు

తెలుగునాట పెరిగిన వారికెవరికైనా సైకిలు అనగానే మనసులో మెదిలే ఆకారం ఒక్కటే. నల్లని ఇనుప ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, చైనును దాచే రేకుపెట్టె, రెండు చక్రాల మీదా గొడుగు పట్టినట్లు వంగిన మడ్‌గార్డులు. అది మద్రాసు అంబత్తూరులో తయారైన హెర్క్యులెస్ కావచ్చు, లూథియానా హీరో కావచ్చు, సోనేపట్ అట్లాస్ కావచ్చు. మడ్‌గార్డులు లేని సైకిలును పాలవాడు గాని, పోస్టుమాను గాని, బడిపంతులు గాని కొని ఎరుగరు. వాటిని ఎవరూ కోరి ఎంచుకున్నది లేదు. చక్రాలతోపాటు వచ్చేవి, చక్రాలతోపాటు ఉండేవి.

బ్రిటనులో స్థిరపడిన తెలుగు కుటుంబం ఇక్కడి దుకాణంలో సైకిలు కొనబోతే పరిస్థితి వేరు. 1999లో మొదలైన 'సైకిల్ టు వర్క్' పథకం పుణ్యమా అని ఉద్యోగస్థులు ఎందరో పన్ను రాయితీతో సైకిళ్ళు కొంటున్నారు. అక్కడ వరుసగా నిలిపిన సైకిళ్ళలో అధికభాగం పందెపు గుర్రాల వలె బోసిగా ఉంటాయి. వేసవిలో కొన్న సైకిలు అక్టోబరు దాకా బాగానే నడుస్తుంది. తొలి తడి ఉదయాన ఆఫీసుకు చేరిన వ్యక్తి వీపు మీద నిలువునా ఒక మట్టిచార పడుతుంది. మరునాడు సీటు కింద బిగించే జానెడు ప్లాస్టిక్ ముక్క ఒకటి కొనుక్కొస్తారు. చార మాయమవుతుంది, సమస్య తీరిందనుకుంటారు.

నిజానికి ఆ ముక్క కాపాడేది చొక్కాను మాత్రమే. పాదాలు, చైను, పెడళ్ళ ఇరుసు, వెనుక వస్తున్న మనిషి, వీటిలో దేనికీ దానివల్ల రక్షణ లేదు. రెండు చక్రాలనూ దాదాపు సగం చుట్టుకొని ఉండే నిండు మడ్‌గార్డు ఎందుకు కావాలో, అది ఎంత కిందికి దిగాలో తెలియాలంటే ముందు నీటిబొట్టు ప్రయాణాన్ని కొంచెం లెక్క వేసి చూడాలి. ముందు చక్రం మడ్‌గార్డును అజాగ్రత్తగా బిగిస్తే అది మనిషినే కింద పడవేయగలదు. ఆ సంగతి కూడా ఈ వ్యాసంలో వస్తుంది.

బొట్టు దారి

తడి రోడ్డు మీద టైరు దొర్లినప్పుడు పలుచని నీటిపొర దానికి అంటుకొని పైకి లేస్తుంది. తిరిగే చక్రం అంచున ఉన్న ప్రతి కణమూ సరళరేఖలో పారిపోవాలని చూస్తుంది. దానిని వృత్తంలో పట్టి ఉంచడానికి కేంద్రం వైపు లాగే బలం ఒకటి కావాలి. రబ్బరుకు ఆ బలం దాని గట్టిదనంలోనే ఉన్నది. నీటిబొట్టుకున్న ఆధారం టైరును అంటిపెట్టుకునే గుణమూ, తన తలతన్యతా మాత్రమే. సుమారు 34 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల చక్రం గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు బొట్టును పట్టి ఉంచడానికి దాని బరువుకు తొమ్మిది రెట్లకు పైగా బలం కావాలి. వేగం 30 కిలోమీటర్లయితే ఇరవై రెట్లు దాటుతుంది. అంత పట్టు నీటికి లేదు, జారిపోతుంది. సైకిలును చేత పట్టుకొని నడిపిస్తూ ఎంత మడుగు దాటినా బట్టలు తడవకపోవడానికి కారణం కూడా ఇదే. నడక వేగంలో కావలసిన బలం బొట్టు బరువుకంటె తక్కువ.

జారిన బొట్టు ఎటు పోతుంది? చక్రాన్ని గడియారంగా ఊహించుకుంటే సులభంగా బోధపడుతుంది. సైకిలుకు కుడివైపు నిలబడి చూస్తే చక్రం గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. టైరు నేలను తాకే చోటు ఆరు గంటలు. అక్కడ తడిసిన రబ్బరు వెనుకవైపుగా ఏడు, ఎనిమిది, తొమ్మిది గంటల మీదుగా పైకి లేచి, పన్నెండు దగ్గర శిఖరం చేరి, ముందువైపున కిందికి దిగుతుంది. వదిలిన ప్రతి బొట్టూ ఆ చోట వృత్తానికి గీసిన స్పర్శరేఖ వెంట ఎగురుతుంది. సీటు మీద కూర్చున్న వ్యక్తి దృష్టితో చూసినట్లయితే ఆ బొట్టు తొలి వేగం సరిగ్గా సైకిలు వేగమే.

తొమ్మిది గంటల చోట వదిలిన బొట్టు నిట్టనిలువుగా పైకి పోతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో, గాలి అడ్డును లెక్కించకపోతే, అది దాదాపు మీటరున్నర ఎత్తు లేవగలదు. వేగం సగమయితే ఎత్తు నాలుగో వంతుకు తగ్గి 40 సెంటీమీటర్లకు పడిపోతుంది. నిదానంగా పోయే పిల్లవాడి వీపు శుభ్రంగా ఉండి, వెనకే వేగంగా వచ్చిన తండ్రి చొక్కా పాడవడం ఈ వర్గ సంబంధం చేసే అల్లరే. పది, పదకొండు గంటల మధ్య వదిలిన బొట్లు పైకీ ముందుకూ పోతాయి. వెనుక చక్రం మీదివైతే అవి వీపుకు తగులుతాయి. ముందు చక్రం మీదివైతే ముందుకు దూకి, ఎదురుగాలికి తిరిగివచ్చి ముఖాన పడతాయి. అందుకే ముందు మడ్‌గార్డు ఫోర్కు దగ్గర ఆగిపోకుండా ఇంకొక జానెడు ముందుకు సాగాలి.

ఇంతవరకు కంటికి కనిపించే నీరు. అసలు నష్టం చేసేది ఏడు గంటల చోట వదిలే నీరు. అక్కడ టైరు నేల నుండి అయిదు సెంటీమీటర్ల ఎత్తులో కూడా ఉండదు. ముందు చక్రం మీద ఆ చోట వదిలిన బొట్టు 30 డిగ్రీల వాలుతో వెనక్కు ఎగురుతుంది. ముందు చక్రం నేలను తాకే చోటుకూ పెడళ్ళ ఇరుసుకూ మధ్య దూరం సాధారణంగా 60 సెంటీమీటర్లు; ఆ ఇరుసు ఎత్తు 27 సెంటీమీటర్ల ప్రాంతం. 20 కిలోమీటర్ల వేగంలో ఈ బొట్టు ఇరుసు దగ్గరకు చేరేసరికి దాని ఎత్తు 25 సెంటీమీటర్ల పైచిలుకు. అనగా ముందు చక్రం గురిచూసి కొట్టినట్లు నీటినీ ఇసుకనూ పళ్ళచక్రం మీదికి, చైను మీదికి, కింది పెడలు మీద ఉన్న పాదం మీదికి విసురుతున్నది. వీపును కాపాడే మడ్‌గార్డు వెనుక చక్రానిదైతే, సైకిలునూ బూట్లనూ కాపాడేది ముందు చక్రం మడ్‌గార్డు తోకభాగం.

బజారులో దొరికే మడ్‌గార్డులు చాలావరకు ఎనిమిది గంటల చోట, నేలకు 17 సెంటీమీటర్ల ఎత్తులో ముగుస్తాయి. మిగిలిన ఆ గంట దూరాన్ని పూడ్చడానికి ఒక ఫ్లాపు తగిలించాలి. దాని కొస నేలకు అయిదారు సెంటీమీటర్ల దాకా దిగితేనే పై లెక్క ప్రకారం ప్రయోజనం నెరవేరుతుంది. అంత కిందికి దిగినది కాలిబాట అంచుకు, వేగనిరోధకాలకు రాసుకోక తప్పదు కనుక అది మెత్తగా వంగే పదార్థంతో ఉండాలి. ఇందుకు పైసా ఖర్చు లేని వస్తువు ప్రతి ఇంటి వంటగదిలోనూ ఉన్నది. ఇక్కడి పాల సీసాలు అధిక సాంద్రత గల పాలిథీనుతో చేసినవి. ఎంత చలిలోనైనా ఆ ప్లాస్టిక్ పెళుసెక్కదు. కత్తెరకు సులభంగా లొంగుతుంది. నాలుగు పైంట్ల సీసా పక్కభాగం నుండి రెండు చక్రాలకూ సరిపడే ముక్కలు వస్తాయి. రెండు చిన్న బోల్టులు, వెడల్పాటి వాషర్లు చాలు. అందం కావాలనుకునేవారు పాత రబ్బరు చాప నుండి కోసుకోవచ్చు.

వెనుక చక్రానికి కూడా ఫ్లాపు అవసరమే. కాని అది తన కోసం కాదు, వెనుక వచ్చేవారి కోసం. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఏడు, ఎనిమిది గంటల మధ్య వదిలిన నీరు రెండు మీటర్లు వెనుక వస్తున్న మనిషి ముఖాన్ని అందుకుంటుంది. బ్రిటిషు సైకిలు సంఘాలలో చలికాలపు సామూహిక ప్రయాణాలకు మడ్‌గార్డులు తగిలించుకొని రావడం మర్యాదగా పరిగణించేది అందుకే. తండ్రి ముందు, కూతురు వెనుక బడికి పోయే ఇంట్లో ఈ మర్యాద మొదట ఎవరికి చెందాలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఉప్పు, ఇసుక, చైను

చలికాలంలో రోడ్డు మీద పారే నీరు వాననీరు కాదు, ఉప్పునీరు. మంచు పేరుకోకుండా రాత్రివేళ లారీలు రోడ్ల మీద చల్లే ఉప్పులో చాలా భాగం చెషైరులోని విన్స్‌ఫర్డ్ గనిలో భూగర్భం నుండి తవ్వి తీసినది. రసాయనం దృష్ట్యా అది చినగంజాం ఉప్పుకయ్యలలో పండే ఉప్పుకు తోబుట్టువే. రెండూ సోడియం క్లోరైడే. రోడ్డుకు అది మేలు చేస్తుంది. లోహానికి చేసేది వేరు.

వానాకాలంలో ఉప్పుజాడీ చెమ్మగిల్లడం తెలుగు గృహిణికి తెలియని విషయం కాదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే సోడియం క్లోరైడు గాలి నుండి తేమను లాక్కొని తానే ద్రవంగా మారుతుంది. బ్రిటనులో చలికాలపు గాలి తేమ తరచుగా ఆ గీతకు పైనే ఉంటుంది. కనుక ఒకసారి ఉప్పునీరు పడిన చైనును చలిగా ఉండే షెడ్డులో పెట్టి తాళం వేసినా అది ఆరదు. సైకిలు కదలకపోయినా రాత్రంతా తుప్పు పని జరుగుతూనే ఉంటుంది. తుప్పు అనేది చిన్నపాటి విద్యుత్ ఘటం. ఇనుములో ఒకచోట ఎలక్ట్రానులు విడుదలవుతాయి, వేరొకచోట ఆక్సిజను వాటిని తీసుకుంటుంది. మధ్య అయానులు నడిచే దారి ఎంత బాగుంటే పని అంత త్వరగా సాగుతుంది. ఉప్పు ఆ దారిని రాజమార్గం చేస్తుంది. క్లోరైడు అయాను మరొక అపకారం కూడా చేస్తుంది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు వంటి లోహాలు తమను తాము కాపాడుకునే పలుచని ఆక్సైడు పొరను అది అక్కడక్కడ ఛేదించి గుంటలు పెడుతుంది.

ఇక ఇసుక సంగతి. రోడ్డు మీది ధూళిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. వాటి గట్టిదనం చైను ఉక్కుకు తీసిపోదు. చైను నూనెలో అవి కలిస్తే తయారయ్యేది సానపట్టే ముద్ద. ప్రతి లంకెలోని పిన్నునూ అది తిరుగలిలా అరగదీస్తుంది. ఒక్కొక్క లంకె అరుగుదల కంటికి కనబడదు కాని, వంద పైచిలుకు లంకెలు కలిసేసరికి చైను సాగుతుంది. అసలు నిడివికి ముక్కాలు శాతం సాగిన చైనును మార్చకపోతే అది పళ్ళచక్రాలను కూడా తనతో తీసుకుపోతుంది. చైను మార్చడం చౌక; మొత్తం మార్చడం ఖరీదు. రిమ్ము బ్రేకులున్న సైకిళ్ళకు అదే ముద్ద బ్రేకు రబ్బరులో దిగి రిమ్మును గీరుతుంది. పాత హెర్క్యులెస్ సైకిలు చైను ఏళ్ళ తరబడి మన్నినదంటే కారణం ఉక్కు గొప్పతనం ఒక్కటే కాదు. చైనుకు పెట్టె, చక్రానికి గొడుగు ఉండేవి.

ఎంపిక

వెనుకటి బ్రిటిషు తేలికపాటి సైకిళ్ళకు సెల్యులాయిడు మడ్‌గార్డులుండేవి. కవెంట్రీ దగ్గరి వోల్‌స్టన్ గ్రామంలోని బ్లూమెల్స్ సంస్థ వీటికి ప్రసిద్ధి. సెల్యులాయిడు అనగా నైట్రోసెల్యులోజు, కర్పూరం కలిపిన పదార్థం. బర్మింగ్‌హాముకు చెందిన అలెగ్జాండర్ పార్క్స్ దాని పూర్వరూపాన్ని 1862 లండన్ ప్రదర్శనలో చూపాడు. హారతి కర్పూరం డబ్బాలో ఉండగానే తరిగిపోవడం అందరూ ఎరిగినదే. మడ్‌గార్డులోని కర్పూరం కూడా అలాగే ఏళ్ళ మీద మెల్లగా ఆవిరై, పదార్థం పెళుసై, బోల్టు రంధ్రాల దగ్గర పగిలేది. ఆ పేరు ఇప్పటికీ బతికే ఉన్నది. జర్మనీలోని జుండర్న్ పట్టణానికి చెందిన ఎస్.కె.ఎస్. సంస్థ తన మడ్‌గార్డులలో ఒక వరుసను బ్లూమెల్స్ పేరుతోనే అమ్ముతున్నది. అయితే ఇప్పటివి సెల్యులాయిడు కావు. పలుచని అల్యూమినియం పట్టీని ప్లాస్టిక్ పొరల మధ్య ఇమిడ్చినవి. లోహం ఆకారాన్ని నిలుపుతుంది, ప్లాస్టిక్ ఉప్పును దూరంగా ఉంచుతుంది. రోజువారీ వాడకానికి ఇవే తగినవి. జపానుకు చెందిన హోంజో తయారుచేసే అల్యూమినియం మడ్‌గార్డులు కంటికి ఇంపుగా ఉంటాయి, చప్పుడు చేయవు. కాని రంధ్రాలు తామే వేసుకొని ఓపికగా బిగించుకోగలవారికే అవి పనికివస్తాయి. పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసిన అగ్గువ రకాలు కొన్ని నెలలకే వంకరపోతాయి. వాటి జోలికి పోకపోవడం మంచిది.

పదార్థం కంటె ముఖ్యమైనది కొలత. టైరు పక్కన రెండు అంకెలు ముద్రించి ఉంటాయి: ఉదాహరణకు 32-622. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700 అని చెప్పే చక్రానికీ, 29 అంగుళాలని చెప్పే చక్రానికీ ఆ రెండవ అంకె 622 మాత్రమే. దుకాణదారుడు రెండు పేర్లు చెప్పినా గాభరా పడనక్కరలేదు. మన పాత 28 అంగుళాల సైకిలుకు అది 635. మడ్‌గార్డు వెడల్పు టైరు వెడల్పు కంటె కనీసం 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. 28 టైరుకు 40 నుండి 45, 35 టైరుకు 45 నుండి 50 తగును. ఇరుకుదానిని ఎంచుకుంటే అంచుల పక్కనుండి నీరు చిమ్ముతూనే ఉంటుంది. అది డబ్బు దండుగ.

టైరుకూ మడ్‌గార్డు లోపలి తలానికీ మధ్య సుమారు 10 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. ఈ ఖాళీ విలువ నల్లరేగడి నేలలో సైకిలు తొక్కినవారికి వేరే చెప్పాలా? రేగడిలోని బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బి, టైరుకు ముద్దలుగా అంటుకొని, మడ్‌గార్డు లోపల మెత్తి చక్రాన్ని ఆపేస్తుంది. మనవాళ్ళు దిగి పుల్లతో గీకి మళ్ళీ తొక్కేవారు. ఇంగ్లండులో ఆ పని చేసేవి రాలిన తడి ఆకులు. ఇరుకు మడ్‌గార్డులో అవి చిక్కుకొని గరగరలాడతాయి.

సైకిలు కొనేటప్పుడే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఇరుసు కొసల దగ్గర ఫ్రేముకూ ఫోర్కుకూ ఊతకడ్డీలు బిగించే చెవిరంధ్రాలున్నాయా? రిమ్ము బ్రేకులైతే వాటి చేతి పొడవు ఎంత? పందెపు సైకిళ్ళ బ్రేకులు 39 నుండి 49 మిల్లీమీటర్ల దూరానికి చేసినవి. వాటి కింద మంచి టైరూ మడ్‌గార్డూ రెండూ పట్టడం కష్టం. 47 నుండి 57 మిల్లీమీటర్ల రకం ఉంటే ఇబ్బంది లేదు. డిస్కు బ్రేకులున్న సైకిళ్ళలో చోటు పుష్కలం. కాని బ్రేకు యంత్రం ఊతకడ్డీకి అడ్డం వస్తుంది. కడ్డీని కాస్త వంచడమో, చిన్న గొట్టం ముక్క ఆసరా పెట్టడమో చేయాలి.

పొట్టిగా ఉన్నవారికీ, పెద్ద చక్రాల చిన్న సైకిలు తొక్కే పిల్లలకూ మరొక పరీక్ష తప్పనిసరి. సీటు మీద కూర్చొని, పెడలును ముందుకు అడ్డంగా ఉంచి, హ్యాండిలు తిప్పి చూడాలి. బూటు కొస చక్రానికి తగులుతున్నదా? మడ్‌గార్డు వచ్చాక ఆ దూరం ఇంకో రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. వేగంగా పోయేటప్పుడు హ్యాండిలు అంతగా తిరగదు కనుక ప్రమాదం లేదు. కాని కూడలిలో మెల్లగా మలుపు తిరిగేటప్పుడు బూటు మడ్‌గార్డుకు ఆనితే మనిషి పక్కకు ఒరిగిపోతాడు, అదీ కార్ల మధ్య. అటువంటివారికి చిన్న చక్రాల సైకిలు ఎంచుకోవడమే ఉత్తమం.

మన ఆడవారి విషయంలో ఒక మాట. తెలుగునాట లేడీస్ సైకిలు వెనుక చక్రానికి ఇరువైపులా వల బిగించే ఆచారం ఉండేది. అది అలంకారం కాదు. చీర కొంగు, ఓణీ ఊచలలో పడకుండా కట్టిన కంచె. హాలెండు సైకిళ్ళకు ఈనాటికీ ఆ పక్కకవచం ఉన్నది. చున్నీ వేసుకొని తొక్కేవారు మడ్‌గార్డుతోపాటు దానినీ అడిగి పెట్టించుకోవాలి.

బిగింపు

పనిముట్లు కొద్దిపాటివే: 4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు, 8, 10 మిల్లీమీటర్ల పానాలు, కడ్డీలు కోయడానికి ఒక లోహపు రంపం, అంచులు నున్నచేయడానికి ఆకురాయి. వెనుక చక్రం విప్పి మడ్‌గార్డును లోపలికి దూర్చాలి. ముందు పెడళ్ళ ఇరుసు వెనుక ఉన్న అడ్డుకమ్మీకి, ఆపై సీటు కింది అడ్డుకమ్మీకి, చివరకు ఊతకడ్డీలను చెవిరంధ్రాలకు తగిలించాలి. అన్నీ వదులుగా ఉండగానే చక్రం ఎక్కించి, పక్కనుండి వంగి చూసి, ఖాళీ సమంగా ఉండేలా కడ్డీలను జరుపుకుంటూ రావాలి. రాయి ఒకటి వెనుక కొస నుండి లోపలికి వచ్చిందనుకుంటే, లోపలికి పోయేకొద్దీ దారి ఇరుకు కాకూడదు. అందువల్ల ప్రవేశించే కొస దగ్గర ఖాళీ ఒక పిసరు తక్కువగా, పైన ఒక పిసరు ఎక్కువగా ఉంచడం తెలివైన పని.

మడ్‌గార్డును బలవంతంగా లాగి బిగించరాదు. బోల్టు తీసివేస్తే అది ఉన్నచోటే నిలబడాలి. పక్కకు ఎగిరిపడితే దానిలో బిగువు దాగి ఉన్నదని అర్థం. రోడ్డు కుదుపులకు ఆ బిగువు తోడై, లోహం అలసి, రంధ్రం దగ్గర చీలిక మొదలవుతుంది. చాలక మిగిలిన ఖాళీని వాషర్లతో పూరించాలి, మడ్‌గార్డును వంచి కాదు. స్టీలు బోల్టు అల్యూమినియం రంధ్రంలో పోయేచోట కాస్త గ్రీజు రాయాలి. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే అల్యూమినియమే బలి అవుతుంది, బోల్టు అతుక్కుపోతుంది.

కుదుపులకు నట్లు వదులవుతాయి కనుక కొందరు మరలకు జిగురు రాస్తారు. హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1950లలో రూపొందించిన ఈ ద్రవం గాలి తగలనిచోట, లోహం తాకిడికి గట్టిపడుతుంది. లోహానికి లోహం తగిలేచోట అది గొప్ప సాధనం. కాని పాలికార్బొనేటు వంటి ప్లాస్టిక్‌లకు అది తగిలితే బిగువులో ఉన్నచోట సన్నని పగుళ్ళు పుడతాయి. మడ్‌గార్డు ప్లాస్టిక్ దగ్గర ఆ ద్రవాన్ని రానీయక, నైలాను ఉంగరం గల నట్లను వాడుకోవడం క్షేమం. ఊతకడ్డీల మిగులు కొసలను కోసి, నున్నచేసి, రబ్బరు తొడుగులు వేయాలి. పసిపిల్లల కంటి ఎత్తు ఇంచుమించు అక్కడే ఉంటుంది.

ముందు మడ్‌గార్డు విషయంలో మాత్రం ఒక సూక్ష్మం తెలిసి తీరాలి. కొమ్మ ఒకటి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య తోకవైపు నుండి చొరబడిందనుకుందాం. టైరు అక్కడ పైకి లేస్తున్నది కనుక కొమ్మను తనతో పైకి లాగుతుంది. కొమ్మ మడ్‌గార్డును పట్టుకుంటుంది. ఊతకడ్డీలు గట్టిగా బిగించి ఉంటే అవి వంగి మడతపడతాయి. మడ్‌గార్డు ముడుచుకొని ఫోర్కు కింద కుక్కుకుంటుంది. ముందు చక్రం బిగిసిపోతుంది. 20 కిలోమీటర్ల వేగంలో టైరు తోక నుండి ఫోర్కు తల దాకా చేరడానికి పట్టే కాలం సెకనులో ఆరో వంతు కంటె తక్కువ, అనగా రెప్పపాటు. ఆలోగా బ్రేకు మీదికి చేయి పోదు, కాలు నేలకు దిగదు. ముందు చక్రం ఆగినా మనిషి ఆగడు. హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు.

దీనికి విరుగుడు చాలా చిన్నది. ముందు ఊతకడ్డీలను ఫోర్కుకు నేరుగా బోల్టుతో కాక, ప్లాస్టిక్ క్లిప్పులో దూర్చి నిలుపుతారు. రోజువారీ కుదుపులకు కడ్డీ కదలదు. కొమ్మ చిక్కి బలంగా లాగిన క్షణంలో క్లిప్పు నుండి ఊడి బయటకు వస్తుంది. మడ్‌గార్డు వదులై చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఐ.ఎస్.ఓ. 4210 అనే అంతర్జాతీయ సైకిలు భద్రతా ప్రమాణంలో ముందు మడ్‌గార్డుకు ప్రత్యేక పరీక్ష ఉండటానికి కారణం ఈ ప్రమాదమే. మంచి మడ్‌గార్డు పెట్టెలో ఈ క్లిప్పులు రెండు ఉంటాయి. అవేమిటో తెలియక పక్కన పడేసి, గట్టిగా ఉంటుందని నేరుగా బోల్టు బిగించేవారున్నారు. పెట్టెలో లేకపోతే విడిగా కొనాలి. పాత సైకిలు కొన్నవారు మొట్టమొదట వీటి కోసమే వెదకాలి. బిగించాక కడ్డీని చేత్తో గట్టిగా లాగి చూడాలి. ఊడి రావాలి, మళ్ళీ నొక్కితే కూర్చోవాలి. ఈ జాగ్రత్త ముందు చక్రానికే. వెనుక చక్రం బిగిస్తే సైకిలు జారుతుందే గాని మనిషిని ముందుకు విసరదు.

మొదటి వారం తరువాత నట్లన్నీ ఒకసారి పానాతో తడిమి చూడాలి. కొత్త బిగింపు కొంత సర్దుకుంటుంది. ఆ తరువాత నెలకొకసారి చాలు. చక్రాన్ని పైకెత్తి తిప్పినప్పుడు సన్నని రాపిడి శబ్దం వస్తే ఏ ఆకో, తారు ముద్దో లోపల అంటుకొని ఉంటుంది. పాత టూత్‌బ్రష్షు దూర్చి, వేడినీళ్ళతో కడిగి, అదే చేత్తో ఫ్లాపు కొస ఎంత అరిగిందో చూసుకోవచ్చు. అరిగిపోతే పాల సీసాలకు ఈ దేశంలో కొరత లేదు.